ఎనిమిది 'బి' తరగతి పుస్తకం

శుక్రవారం ఉదయం తొమ్మిది గంటల యాభై ఆరు నిమిషాలకు ఎనిమిదో తరగతి 'బి' సెక్షన్ తలుపు దగ్గర సుజాత వచ్చి నిలబడింది. మొదటి పీరియడు మొదలై అప్పటికి పదకొండు నిమిషాలైంది. నేను అంబర్‌పేట్ నుంచి చిక్కడపల్లిలోని ఆ బాలికల ఉన్నత పాఠశాలకు లెక్కల టీచరుగా బదిలీ అయి వచ్చింది 1994 జూన్‌లో. ఇది ఆగస్టులో జరిగింది. 'బి' సెక్షన్‌కు నేనే క్లాస్ టీచర్‌ని.

క్లాస్ టీచర్ అంటే హాజరు పట్టీ ఉంచుకుని, ఆ తరగతిలోని యాభై నాలుగు మంది పిల్లల గురించి ప్రధానోపాధ్యాయురాలికి జవాబు చెప్పవలసిన మనిషి. మా ప్రధానోపాధ్యాయురాలు సుభద్ర గారు. పోయిన నెలలో ఆమె కాలం చేశారు. సంతాప సభలో నన్ను మాట్లాడమంటే ఆమె క్రమశిక్షణ గురించి రెండు వాక్యాలు చెప్పి కూర్చున్నాను. చెప్పవలసింది నిజానికి ఇది.

ఆమె బడిలో కొన్ని పనులు ఏ రోజైనా ఒకేలా జరిగేవి. గంట కొట్టేసరికి టీచరు తలుపు దగ్గర ఉండాలి. నా పీరియడులో బోర్డు మీద తేదీ, దాని కింద నిన్నటి పాఠం నుంచి మూడు లెక్కలు ఉండేవి. పిల్లలు వచ్చి, ఎవరూ చెప్పకుండానే అవి మొదలుపెట్టేవారు. ఆ మొదటి ఐదు నిమిషాల్లో నేను హాజరు వేసేదాన్ని. గొంతు పెంచవలసిన అవసరం పెద్దగా వచ్చేది కాదు.

వీటికి తోడు ప్రతి సెక్షన్‌కూ ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. తరగతి పుస్తకం అనేవాళ్ళం. పీరియడు అయ్యాక టీచరు అందులో ఒకటి రెండు వాక్యాలు రాయాలి: పాఠం ఎక్కడ ఆగింది, ఇంటిపని ఏమిచ్చారు, ఏ పిల్ల మీద దృష్టి పెట్టాలి. తరువాత వచ్చే టీచరు అది చదివి పాఠం మొదలుపెట్టాలి. రోజుకు ఏడుగురు టీచర్లు మారినా పిల్లలకు ఒకే బడి కనిపించాలని సుభద్ర గారి ఉద్దేశం.

ఆ శుక్రవారం నేను రాసింది ఇది: "సుజాత ఈ వారం మూడోసారి ఆలస్యం. ఇంటిపని లేదు. గమనించగలరు."

శనివారం ఉదయం చూస్తే దాని కింద మిగతా ఆరుగురూ రాశారు. తెలుగు టీచరు నిలబెట్టారు. ఇంగ్లీషు టీచరు నిలబెట్టారు. సైన్సు చెప్పే రాజేశ్వరి గారు బెంచీ ఎక్కించారు. చివరి పీరియడు దాకా అదే వరస. చదివి సంతోషించానని ఒప్పుకోవాలి. నేను కొత్తగా వచ్చినదాన్ని. నా మాటకు అందరూ విలువ ఇచ్చారనుకున్నాను.

ఆ రోజు సుజాత రాలేదు. సోమ, మంగళవారాలూ రాలేదు. మూడు రోజులు రాకపోతే ఇంటికి కార్డు రాయాలని నియమం. రాశాను.

గురువారం మధ్యాహ్నం సుజాత తల్లి జంగమ్మ సుభద్ర గారి గదికి వచ్చింది. నన్నూ అక్కడికి పిలిపించారు. వాళ్ళది మహబూబ్‌నగర్ జిల్లా. అశోక్ నగర్ నాలా పక్క బస్తీలో ఉంటున్నారు. దోమలగూడలో కడుతున్న అపార్ట్‌మెంటులో ఆమెకు ఇటుకలు మోసే పని. చీర అంచుకు సిమెంటు పట్టి ఉంది. సుభద్ర గారు కూర్చోమన్నా కూర్చోలేదు.

"పిల్ల పేరు కొట్టేయుండ్రి మేడం. రేపటి సంది నా ఎంబడి సైటు మీదికి తీస్కపోత. ఆడ తిట్టేటోడు మేస్త్రీ ఒక్కడే."

సుజాతకు పదమూడేళ్ళు. పేరు కొట్టేస్తే చదువు అక్కడితో సరి. అలా వెళ్ళిన పిల్లలు తిరిగి రావడం నేను చూడలేదు. సుభద్ర గారు బతిమాలలేదు. ఏం జరిగిందని మాత్రం అడిగారు. రోజంతా నిలబెట్టారని, సైన్సు టీచరు "మహారాణి గారికి పల్లకీ ఆలస్యమైందా?" అంటే తరగతంతా నవ్విందని, ఆ రోజు నుంచి పిల్ల సరిగా తినడం లేదని జంగమ్మ చెప్పింది. సుభద్ర గారు తరగతి పుస్తకం తెప్పించి, శుక్రవారం పేజీ నన్నే చదవమన్నారు.

చదివాను. పైకి చదివినప్పుడు గానీ ఒక తప్పుకు ఆరు శిక్షలు పడ్డాయని నాకు తట్టలేదు.

జంగమ్మ అంతా విన్నది. "నల్లా దినం ఇడిసి దినం వస్తది మేడం, ఎనిమిదిన్నరకు. నేను ఏడింటికే పనికి పోత. నీళ్ళు పట్టేది అదే. గది రాసిన్రా అండ్ల?"

రాయలేదు. ఎవరమూ అడగలేదు. హాజరు పట్టీ తెరిచి చూశాను. ఎర్ర సిరాతో ఆలస్యం గుర్తులు ఆ వారం సోమ, బుధ, శుక్రవారాల్లో ఉన్నాయి. అంతకుముందు వారం మంగళ, గురు, శనివారాల్లో ఉన్నాయి. నేను లెక్కల టీచర్ని. ఆ గుర్తులు వేసింది నేనే.

పొరపాటు నాదని జంగమ్మతో చెప్పాను. సోమవారం పంపి చూస్తానంది. "మళ్ళ ఏడ్సుకుంట వస్తే మాత్రం కార్డు రాసినా రాను" అని కూడా అంది.

సాయంత్రం స్టాఫ్ రూములో సమావేశం జరిగింది. అందరం ఒక్క మాట మీద ఉండాలని మీరే చెప్పారు కదా అని రాజేశ్వరి గారు అడిగారు. ఆ అడగడంలో న్యాయం ఉంది.

"చెప్పిన" అన్నారు సుభద్ర గారు. "మనం ఏడుగురం, ఆ పిల్ల ఒక్కతి. అది మర్చిపోయిన."

నియమం అప్పుడే మారింది. తప్పు చూసిన టీచరే దాన్ని ఆ పీరియడులోనే ముగించాలి. తప్పు పుస్తకంలోకి ఎక్కకూడదు. కారణం అడిగి తెలుసుకుని, అది రాయాలి. మరునాడు నేను ఇలా రాశాను: "సుజాత నల్లా వచ్చే రోజుల్లో పది గంటల లోపు వస్తుంది. అనుమతి అడగకుండా తలుపు పక్క బెంచీలో కూర్చుని బోర్డు మీది లెక్కలు చేస్తుంది. ఎవరూ ప్రశ్నించనవసరం లేదు."

సోమవారం తొమ్మిది యాభై ఎనిమిదికి సుజాత వచ్చి తలుపు దగ్గర ఆగింది. నేను బోర్డు వైపు చూపించాను. వెళ్ళి కూర్చుని మొదటి లెక్క నోటుబుక్కులో ఎక్కించుకుంది. ఆ సాయంత్రం పుస్తకంలో రాజేశ్వరి గారి చేతిరాతలో ఇలా ఉంది: "పాఠం: ఉష్ణం. ప్రయోగానికి సుజాత సహాయం చేసింది." సుజాత 1997లో పదో తరగతి సెకండ్ క్లాసులో పాసై నారాయణగూడలో ఇంటర్‌లో చేరింది.

పద్ధతి రోజూ ఒకేలా నడవడం వల్ల తరగతి కుదురుగా ఉంటుంది. అయితే అలాంటి పద్ధతిలో ఒకరు పొరపాటు చేస్తే అదీ అంతే క్రమంగా చివరి గంట దాకా నడుస్తుంది. కాబట్టి ఒక పిల్ల గురించి మరో టీచరుకు చెప్పేముందు ఆ పిల్లను అడగాలి. నా ఉద్యోగంలో దీనంత పనికొచ్చిన పాఠం మరొకటి లేదు.

నేను రిటైరైన తరువాత ఆ బడిలో తరగతి పుస్తకాలు తీసేశారు. ఇప్పుడు ఒక టీచరు వెళ్ళేటప్పుడు తరువాత వచ్చే టీచరుకు ఏమీ రాసిపెట్టరు.