ఉప్పు డబ్బాకు రబ్బరు బ్యాండు

ఏళ్ల తరబడి దీన్ని గుండెలో పెట్టుకుని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. ప్రార్థనలో దేవుడికి ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఆయనకు చెప్పడం తేలిక. ఆయన వెళ్లి మా అక్కతో అనడు.

అక్కకు నీటికాసులు వచ్చి రెండు కళ్లూ పోయాయి. బావ అప్పటికే లేడు. వేటపాలెంలో వాళ్ల ఇంటికి తాళం వేసి, మా అన్నయ్య ఆమెను తెచ్చి నా దగ్గర దింపాడు. నేనూ భర్త పోయినదాన్నే, పిల్లలు లేరు. అంగన్‌వాడీలో పని. అన్నం కలిపి పెట్టేదాన్ని, చేయి పట్టుకుని చర్చికి తీసుకెళ్లేదాన్ని. నీలాంటి చెల్లెలు ఎవరికుంటుందని సంఘంలో అందరూ అనేవారు. ఆ మాట నాకెంత ఇష్టమో అప్పుడు తెలియలేదు.

తర్వాత చూపులేనివాళ్లకు ఇంటిపనులు నేర్పే టీచరమ్మ ఒకావిడ మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. అక్క అడిగింది ఒక్కటే. పొద్దున్నే ఎవరినీ అడక్కుండా తన టీ తాను పెట్టుకోవాలి. ఆవిడ ఓపిగ్గా నేర్పింది. స్టవ్ వెలిగించకముందే గిన్నె సరిగ్గా పెట్టుకోవాలి, పాలలో చిన్న స్టీలు మూత వేస్తే మరిగేటప్పుడు అది టకటకలాడుతుంది. గ్లాసు అంచుకు తగిలించే చిన్న యంత్రం కూడా ఇచ్చింది, టీ పైదాకా రాగానే అది కీచుమంటుంది. డబ్బాలన్నీ ఒకేలా ఉండేవి గనక పంచదారకు ఒక రబ్బరు బ్యాండు, టీపొడికి రెండు వేసింది, ఉప్పుకు ఏమీ లేదు. మొదటిసారి తను పెట్టిన టీ నా చేతికిచ్చినప్పుడు అక్క ముఖం వెలిగిపోయింది. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో కాదు.

ఆ తర్వాత అక్క వేటపాలెం వెళ్లి తన ఇంట్లో తానుంటానంది. జీడిపప్పు పనిలో తనతో ఉన్నవాళ్లంతా అక్కడే ఉన్నారంది. అన్నయ్య నవ్వేశాడు. అక్క వదల్లేదు. సరే, ఆదివారం మీ ఇంట్లో ప్రార్థన కూటం ఉంది కదా, వచ్చినవాళ్లందరికీ నువ్వొక్కదానివే టీ పెట్టివ్వు, నేనే తీసుకెళ్లి దింపుతానన్నాడు చివరికి.

అవి మిరపకాయల రోజులు. తొడిమలు తీయడానికి కళ్లు అక్కర్లేదు గనక అక్క ఆ వారమంతా పక్కింటివాళ్ల కల్లానికి వెళ్లింది. వేళ్లు మండి మండి మొద్దుబారాయి, పంచదార పలుకేదో ఉప్పేదో పట్టుకుంటే తెలిసేది కాదు. రబ్బరు బ్యాండు మాత్రం తెలిసేది. వెళ్లొద్దని నేను అనలేదు. ఎందుకనలేదు? అప్పటికే మనసులో ఉందా? ఇప్పటికీ నాకు తెలియదు. కానీ ఆదివారం ఆమె తల దువ్వుకుంటుండగా వంటింట్లోకి వెళ్లి, పంచదార డబ్బా బ్యాండు తీసి ఉప్పు డబ్బాకు వేసి, రెంటినీ అటూ ఇటూ మార్చింది నేనే. వచ్చినవాళ్లకిచ్చేది ముందు రుచి చూస్తే ఎంగిలని అక్క నోట్లో వేసుకోదు. అదీ నాకు తెలుసు.

పాలు పొంగనివ్వలేదు. ఒక్క చుక్క ఒలకనివ్వలేదు. ట్రే తనే పట్టుకొచ్చింది. పాస్టరు గారు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశారు. వెనక ఎవరో ఉమ్మేశారు. ఇదా నీ సంబడం అని అన్నయ్య లేచి వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లాక అక్క డబ్బాలు తడుముతూ నన్ను పిలిచింది.

“ఏమే, ఉప్పు డబ్బాకి రబ్బరు బ్యాండు ఎవరేశారే?”

“నువ్వే వేసుంటావక్కా.”

“నేనా?”

“పొద్దున డబ్బాలు కడిగావుగా. మర్చిపోయుంటావు.”

వేళ్లు ఒకదానితో ఒకటి రాసుకుంది.

“అయితే నా చేతుల్ని కూడా నమ్మేట్టు లేదన్నమాట” అంది.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

అక్క మళ్లీ స్టవ్ దగ్గరకు రాలేదు. టీచరమ్మ వస్తే తలనొప్పని పడుకునేది. కొన్నాళ్లకు ఆవిడా రావడం మానేసింది. వేటపాలెం ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లున్నారు. సంఘంలో నన్ను ఇంకా మెచ్చుకుంటూనే ఉన్నారు, నేను తలొంచుకుంటే అది వినయమనుకుంటారు.

ఒంటరిదాన్నైపోతానని భయపడ్డాను. అది నిజం. ఆ భయానికి ఒక మనిషిని తన చేతుల మీద తనకే నమ్మకం లేకుండా చేస్తారా ఎవరైనా? ఉప్పు ఒక్క పూటతో పోయేది, నేనన్న మాటే ఆమెను తినేసింది. ఇప్పుడు చెప్పినా వేటపాలెం వెళ్లి ఒక్కతీ బతికే ఓపిక ఆమెకు లేదు. నేనివ్వగలిగింది నా మీద కోపం తెచ్చుకునే హక్కు ఒక్కటే. అదీ ఇవ్వలేకపోతున్నాను. ఎంత పిరికిదాన్నో చూడండి.

మీకు చెప్పాక ఊపిరి కాస్త ఆడుతోంది, అబద్ధమెందుకు. క్షమించమని అడగను, క్షమించాల్సింది మీరు కాదు.

ఇందాకే అక్కకు టీ ఇచ్చి వచ్చాను. గ్లాసు చేతిలో పెట్టినా తాగలేదు. “ఇది టీయేనా?” అని నన్నే అడిగింది. అవునన్నాను. అప్పుడు తాగింది.