ఆఖరి బంతి పాట

సన్నాయి మామ పోయాడు. మొన్న పొద్దున కామారెడ్డి నుంచి వచ్చే మోటారు బస్సు డ్రైవరు మా ఎల్లారెడ్డి దవాఖాన ముందు బండి ఆపి, ఇంజను బందు చెయ్యకుండానే ఆ కబురు నా చెవిన వేసి పోయాడు. కూతురింట్లో నిద్రలోనే పోయాడట. కాంపౌండరును కదా, చేతిలో మందు సీసా ఉంది. దాన్ని పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

ఏడుస్తూ రాద్దామని కూర్చున్నాను. ఏం చెయ్యను, ఆయన్ని తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, హుషారు వస్తుంది. కాలు ఒకచోట నిలవదు. పోయినవాళ్ల మీద రాసే రాత ఇట్లా గంతులు వేస్తుందేమిటని చదివేవాళ్లు తిట్టుకోవద్దు. ఒక్క మధ్యాహ్నం ఆయన్ని విని ఉంటే మీ చెయ్యీ ఇట్లాగే పరుగెత్తేది.

మొదట ఆయన మాకు రోగిగానే వచ్చాడు. నిజాంసాగర్ కాలువలు పారడం మొదలైన కొత్తలో. పంటి వాపుతో ఎడమ చెంప బూరెలా ఉబ్బి ఉంది. డాక్టరు సాబ్ పన్ను పీకి, పది రోజులు సన్నాయి ముట్టవద్దన్నారు. పదకొండో రోజు మామ సన్నాయితో దిగాడు. చెంప మానిందో లేదో మీ ముందే చూసుకుంటానని వరండాలో చతికిలబడి, తలపాగా మడతలోంచి సన్నాయికి తగిలించే రెల్లు పీక తీసి, నోట్లో నానబెట్టి ఊదాడు. అబ్బబ్బ, ఏం ఊదుడది! అప్పుడే లోపల గంజి పోస్తున్నారు. రోజూ మూతి తిప్పుకునే రోగులు గిన్నెలు ఊడ్చేసి, ఇంకా ఉందా అన్నట్టు నా వైపు చూశారు.

అది బంతి పాటట. పెళ్లిలో విస్తళ్లు వేసి జనాన్ని భోజనాల బంతికి వరసగా కూర్చోబెట్టినప్పుడు మామ ఇంటివాళ్లు ఊదే పాట. ఆ పాట చెవిన పడితే ఈ చుట్టుపక్కల ఎవరికైనా నోట్లో నీళ్లూరాల్సిందేనని మామ ధీమా. డాక్టరు సాబ్ కడుపు పట్టుకుని నవ్వి, డోలు మాత్రం వద్దు, పెళ్లిళ్లు లేని రోజు గంజి వేళకు వచ్చి ఊదిపో అన్నారు. అట్లా మొదలైంది. తర్వాత కామారెడ్డి దవాఖానకు కూడా పిలిస్తే బస్సెక్కి పోయి ఊది వచ్చేవాడు.

మామ రోగుల ముఖాలు చూసేవాడు కాదు, దుప్పటి కింద కాలి వేళ్లు చూసేవాడు. మొఖం అబద్ధమాడతది గని కాలి వేళ్లకు అబద్ధం రాదని అనేవాడు. ఎక్కడ వేలు కదిలితే ఆ మంచం దగ్గర ఇంకో రెండు విసుర్లు ఎక్కువ ఊదేవాడు. స్వరం ఏమాత్రం జారినా చెంపలు వేసుకునేవాడు. ఇక్కడ ఎవరికి తెలుస్తుంది మామా అని నేను ఆటపట్టిస్తే, పెళ్లిలో తప్పితే తిడతారు కాబట్టి భయం లేదు, ఇక్కడ తిట్టేవాళ్లు లేరు కాబట్టే భయం అనేవాడు.

ఇక మా అమ్మ సంగతి. దీనికోసమే కూర్చున్నాను అసలు.

మా అమ్మది బీర్కూర్. పెద్ద కుటుంబం, పొలం, జీతగాళ్లు, వచ్చేపోయే చుట్టాలు. అందరూ తిన్నాక గానీ ఆమె తినదు. నాకు ముప్పై ఏళ్లు వచ్చినా అమ్మ అన్నం తినడం నేను కళ్లారా చూడలేదంటే నమ్మండి. అట్లాంటి మనిషిని ఇరవై ఒక్క దినాల జ్వరం పట్టుకుంది. బండి కట్టించి నా దవాఖానకే తెచ్చుకున్నాను. జ్వరం దిగింది, ఆకలి మాత్రం లేవలేదు. గంజి చెంచా పెదవికి తగిలితే చాలు, తల తిప్పుకుని “వాళ్లు తిన్నరా?” అని అడిగేది. తిన్నరమ్మా అంటే నమ్మదు. జ్వరపు మాటలనుకున్నాను. రెండు మూడు రోజుల్లో కడుపులో ఏదైనా పడకపోతే మనిషి దక్కదని డాక్టరు సాబ్ నన్ను పక్కకు పిలిచి చెప్పారు.

నేను పోయి మామ కాళ్లావేళ్లా పడ్డాను. ఆ మధ్యాహ్నం ఆయన ప్రాణం పెట్టి బంతి పాట ఊదాడు. అమ్మ కళ్లు తెరిచింది. నా గుండె ఎగిరింది. తెరిచిన మనిషి ఊరుకుందా? దుప్పటి తోసేసింది, కొంగు నడుముకు చెక్కింది, “ఇస్తర్లేవిరా?” అంటూ మంచం దిగింది. రెండడుగులు వేసి కుప్పకూలింది. పక్క మంచం కోడు తగిలి నుదురు చిట్లింది.

డాక్టరు సాబ్ పరుగున వచ్చి, ఇక ఈ వరండాలో సన్నాయి కనపడితే విరగ్గొడతానన్నారు. నేను అంతకన్నా పెద్ద మాటే అన్నాను. మా అమ్మను చంపడానికి వచ్చావా అన్నాను. మామ పీక తలపాగాలో దోపుకుని వెళ్లిపోయాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చస్తాను.

మర్నాడు అమ్మ నీళ్లు కూడా సరిగా మింగలేదు. ఆ పై రోజు పొద్దున్నే మామ మళ్లీ వచ్చి డాక్టరు సాబ్ గది ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“తప్పు నాదే సాబ్. ఆమె వడ్డించే మనిషి. నేను మొదటి బంతి పాట ఊది ఆమెను పనికి లేపిన. ఇంటి ఆడోళ్లకు వేరే పాట ఉంటది.”

ఆయన చెప్పిందేమిటంటే, పెళ్లిలో చుట్టాలు, కూలివాళ్లు, పిల్లలు అందరూ తిని లేచాక, వడ్డించి వడ్డించి అలిసిన ఇంటి ఆడవాళ్లు ఆఖరి బంతిలో కూర్చుంటారు. అప్పటికి మేళగాళ్లందరూ సర్దుకుని పోతారు. మామ వంశంలో మాత్రం పెద్దవాడు ఒక్కడు ఉండిపోయి, వాళ్లకోసమే మెల్లగా ఒక పాట ఊదుతాడు. ఆ పాట వినపడిందంటే ఇక ఎవరికీ వడ్డించే పని లేదని అర్థం. వాళ్లు చెయ్యి కడుక్కునేదాకా ఆపకూడదు.

డాక్టరు సాబ్ నా వైపు చూశారు. కొడుకువు నువ్వు, నువ్వే చెప్పు అన్నారు. మామ చెయ్యి పట్టుకుని అమ్మ మంచం దగ్గరికి తీసుకుపోయాను.

కానీ ఆయన వెంటనే ఊదలేదు. ఈ పాట అబద్ధం ఆడరాదు, ముందు అందరూ నిజంగా తినాలన్నాడు. ఇక చూడండి సంబరం! మంచం మంచానికీ పోయి బతిమాలాడు. మూడు రోజులుగా మెతుకు ముట్టని ముసలాయన కూడా మా అమ్మకోసమని గటగటా తాగి గిన్నె బోర్లించాడు. గిన్నె వెనక గిన్నె, టకటకా బోర్లిస్తున్నారు. నేనూ ఒక గిన్నె తాగి బోర్లించాను. ఆఖరికి మామ డాక్టరు సాబ్ ముందుకు పోయి, మీరు కూడ సాబ్ అన్నాడు. ఆయన గుమ్మంలో నిలబడే, రోగుల గంజి, ఒక గిన్నెడు తాగారు.

అప్పుడు ఊదాడు. తొందర లేని పాట. వంటింట్లో పొయ్యి ఆర్పాక కాసేపు కూర్చున్నట్టుంది. అమ్మ కళ్లు తెరిచి, తలతిప్పి బోర్లించిన గిన్నెలన్నీ ఒక్కొక్కటే చూసింది.

“అందరయిన్రా?”

“అయిన్రమ్మా. నువ్వే ఉన్నవ్,” అన్నాను.

నోరు తెరిచింది. చెంచా పెట్టాను. మింగింది. నా కళ్లకు ఏమీ కనపడటం లేదు, అయినా రెండో చెంచా పెట్టాను. పక్క మంచం ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని నిదానం నిదానం అంటోంది. చిన్న గిన్నెడు గంజికి అమ్మకు గంట పట్టి ఉంటుంది. ఆ గంటా మామ ఆపలేదు. మెడ నరాలు తేలాయి, కళ్లు ఎర్రబడ్డాయి, పాట మాత్రం తడబడలేదు. అమ్మ చెయ్యి కడిగి తుడిచాను. అప్పుడు సన్నాయి దించాడు.

అమ్మ ఆయన్ని చూసింది. “తమ్మీ, నువ్వు తిన్నవా?”

మామ పీక ఊడదీసి తలపాగాలో దోపుకున్నాడు. తర్వాత, “నలభై ఏండ్ల సంది ఊదుతున్న అక్కా. గీ మాట ఎవ్వలు అడగలే,” అన్నాడు.

కుండ అడుగున మిగిలిన గంజి తెచ్చి ఇచ్చాను. మామ సన్నాయిని ఒళ్లో పెట్టుకుని, అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని తాగుతున్నాడు. అమ్మ పక్కకు ఒత్తిగిలి, రెప్ప వెయ్యకుండా, ఆయన గిన్నెలోకే చూస్తూ పడుకుని ఉంది.