సైగలమ్మ గదికి వేసిన తీగ

నేను చదివింది మా ఊరి బడిలో ఏడో తరగతి వరకే. అయినా ముప్పైనాలుగేళ్లు టెలిఫోన్ లైన్‌మేన్‌గా చేశాను. పెద్ద గాలివాన వచ్చిన ఏడు మూడు రోజుల్లో నూటపన్నెండు స్తంభాలు నిలబెట్టిన ముఠాకు నేనే పెద్దను. ఇత్తడి పతకం ఇచ్చారు, గోడకుంది. నేను వేసిన అతుకు ఊడిందని ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంటి పైగదిలో అద్దెకుండే అమ్మాయి కథలో నా పనితనానికీ వాటా ఉంది.

వీధిలో ఆమెను సైగలమ్మ అంటారు. తల్లీతండ్రీ ఇద్దరూ పుట్టు చెవిటివాళ్లు. అందుకని ఆమెకు నోటిమాట కంటే ముందు చేతిమాట వచ్చింది. ఇప్పుడు వాళ్లు లేరు. నలభై దాటింది, తోడు లేదు. ఎక్కడో ఆస్పత్రుల్లో డాక్టర్లు చెప్పేది చెవిటి రోగులకు వీడియోలో సైగలతో చెప్పడం ఆమె ఉద్యోగం. పుట్టి పెరిగిన భాషలో తనను తిట్టేవాళ్లు గానీ బుజ్జగించేవాళ్లు గానీ ఆమెకు మిగల్లేదు. ఆ భాషంతా తెర మీద పరాయి రోగులతోనే.

పైన మనిషి ఉందని కుర్చీ కిర్రుమంటేనే తెలిసేది. మా ఆవిడ పోయాక కిందా అంతే.

ఒక సోమవారం ఆమె మెట్లు దిగి వచ్చింది.

"బాబాయిగారూ, అవతలివాళ్లు నాకు బాగానే కనబడుతున్నారు. నా బొమ్మే వాళ్లకి ముక్కలు ముక్కలుగా పోతోందట."

"పోతే ఏమైంది?"

"ఒక రోగికి 'తినకుండా మాత్ర వేసుకోవద్దు' అని చూపిస్తే, 'మాత్ర వేసుకోవద్దు' ఒక్కటే అందింది. పాపం, ఆయన మూడు రోజులు మందే మానేశాడు. శుక్రవారంలోగా బాగుచేసుకోకపోతే వేరేవాళ్లని పెట్టుకుంటామన్నారు ఆస్పత్రివాళ్లు."

ఇంటర్నెట్ రూటర్ నా ముందుగదిలో ఉంటుంది, అక్కడి నుంచే పైగదికి తీగ పోతుంది. కంపెనీకి ఫోన్ చేశాను.

"ఆపి మళ్లీ ఆన్ చేయండి సార్."

"చేశాను నాయనా."

"ఇంకోసారి చేయండి సార్."

"నీకు పాలపళ్లు రాకముందే నేను స్తంభాలెక్కాను తెలుసా!"

"అయితే ఈసారి కిందే ఉండి ఆన్ చేయండి సార్."

పైగదిలో పరీక్షించి చూశాం. వచ్చే వేగం దివ్యంగా ఉంది. పంపే వేగం, అదే అప్‌లోడ్, దానికంటే నత్త నయం. ఇక్కడి నుంచి పిలిస్తే అవతలి నుంచి పలకడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటారు. అది ఒకసారి ఇరవై, ఒకసారి తొమ్మిది వందల మిల్లీసెకన్లు చూపిస్తోంది. మంగళవారం నా టీవీ, ఫోనూ కట్టేశాను. బుధవారం రూటర్‌ను అలమారా పైకి మార్చాను. ఎక్కిన ప్రతిసారీ ఆమె టీ ఇచ్చేది. ఆ మూడు రోజుల్లో ఎక్కినన్నిసార్లు మూడేళ్లలో ఆ మెట్లు ఎక్కలేదు.

గురువారం ఆమే అంది: "కంప్యూటర్ కిందికి తెచ్చి రూటర్ పక్కనే పెట్టి చూద్దామా?"

మూరెడు తీగతో కలిపాం. పింగ్ పన్నెండు. అప్‌లోడ్ పరుగో పరుగు. రూటర్ నిర్దోషి.

ఇక మిగిలింది పైకి పోయే తీగ. దాన్ని లాగింది నేనే. నాలుగడుగులు తక్కువైతే బయట కిటికీ కింద అతుకు వేశాను. జంటలు జంటలుగా మెలిపెట్టి ఉన్న సన్నతీగల్ని విప్పి, టెలిఫోన్ పద్ధతిలో ఒక్కోదాన్ని చుట్టి టేపు వేశాను. టెలిఫోన్‌కు అది చాలు. ఈ తీగకు ఆ మెలికే ప్రాణం, విప్పకూడదు. నిచ్చెన వేసుకుని టేపు ఊడదీస్తే, మొన్నటి వాన తడికి లోపల ఆకుపచ్చ చిలుము. అదీ సరిగ్గా పంపే జంటకే పట్టింది.

ఎవరూ చూడలేదు. గప్‌చుప్‌గా కొత్త తీగ లాగి, నెపం కంపెనీ మీదికి నెట్టేయొచ్చు. మందు మానేసిన రోగి గుర్తొచ్చాడు.

"అమ్మాయ్, దొంగ దొరికాడు!"

ఆమె కిటికీలోంచి తొంగిచూసింది. "ఎవరు బాబాయిగారూ?"

"నేనే." అతుకు కోసి అందించాను.

అటూ ఇటూ తిప్పి చూసింది. "ముడి మాత్రం ముచ్చటగా ఉంది."

"ఆ ముచ్చటే నీ కొంప ముంచబోయింది."

ఆ సాయంత్రమే అతుకు లేని కొత్త తీగ తెచ్చాను. ఆమె కిటికీ దగ్గర, నేను కింద. స్తంభం పైవాడికి కిందివాడి మాట వినబడదు గనక మా ముఠాలో చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం. వేళ్లు లోపలికి మడిస్తే 'లాగు', అరచేయి కిందికి ఆడిస్తే 'వదులు', పిడికిలి బిగిస్తే 'చాలు, సరిపోయింది'. ఆ సైగలు తెలిసినవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను. అలవాటు కొద్దీ చెయ్యి ఆడించాను. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. లాగమన్నప్పుడు లాగింది, వదలమన్నప్పుడు వదిలింది. చివర నేను పిడికిలి బిగిస్తే తనూ బిగించి చూపించింది.

శుక్రవారం వాళ్లు పరీక్షించారు. ఉద్యోగం నిలిచింది. ఆ మాట సగం మెట్ల మీద నుంచే చెప్పి, పిలుపు వచ్చిందంటూ పరుగెత్తింది.

వెనక వెలుతురుంటే వీడియోలో చేతులు నల్లగా కనబడతాయట, కిటికీ మూసే ఉంచుతుంది. తీగకు రోగం లేదు, నాకు మెట్లెక్కే పని లేదు. పాత అతుకును పతకం కింది మేకుకు తగిలించాను. ఉదయం తొమ్మిదికి పైన కుర్చీ కిర్రుమంటుంది. నేను కింద పిడికిలి బిగిస్తాను.