గోదారి తాగిన ప్యాంటు

నా పెళ్ళి చెడగొట్టబోయిన శత్రువు దాయాది కాదు, పక్కింటివాడు కాదు, నా సొంత ప్యాంటు. ఆ అనర్థం మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. నవ్వుకోండి గానీ మధ్యలో ఆపి "నిజమేనా?" అని మాత్రం అడగకండి. సాక్ష్యం చెప్పడానికి మా ఆవిడ వంటింట్లో సిద్ధంగా ఉంది. ఆవిడ నోరు విప్పితే నాకు మిగిలిన కాస్త పరువూ పోతుంది.

ఎనభైల నాటి మాట. మాది సిరిసిల్ల. ఇంటి ముందు గదిలో మరమగ్గాలు పగలంతా టకటకలాడుతుండేవి. బాపు, అంటే మా నాన్న, వాటి మధ్య తిరుగుతూ పోగు తెగితే చెవితోనే పసిగట్టేవాడు. నేను మగ్గం వదిలేసి, ఒక నూలు వ్యాపారి తరఫున ఊరూరూ తిరిగే పనిలో చేరాను. తిరగడానికి ఒక పాత మోటారు సైకిలు కొన్నాను. మా వాడలో అదే మొదటిది కావడంతో నా మెడ కొంచెం పైకి లేచింది నిజమే.

లేచిన మెడను దించడానికి ఆంజనేయుడి గుడి ఉన్న కొండగట్టు దగ్గరి మలుపు చాలింది. కంకర మీద బండి జారింది, నేనూ జారాను, టెర్లిన్ ప్యాంటు మోకాళ్ళ దగ్గర చిరిగి జెండాలా ఎగిరింది. కట్టు కట్టిన కంపౌండరు తీరిగ్గా అన్నాడు.

"అంజన్నకు ఎంటికలు ఇచ్చెటోళ్ళను చూసిన గని, మోకాలు తోలు ఇచ్చినోన్ని నిన్నే చూస్తున్న తమ్మీ."

ఆ మంట చల్లారకముందే నిశ్చయించుకున్నాను. బండి నడిపేవాడికి బండి ప్యాంటు ఉండాలి. పడితే చర్మం మిగలాలి, కూర్చుంటే సుఖంగా ఉండాలి. ఖాకీ కుట్టించి చూశాను, తొడల దగ్గర ఒరుసుకుపోయింది. మంగలి దుకాణంలో ఒక పాత పత్రికలో తెల్లదొర ఒకడు తోలు ప్యాంటు తొడుక్కుని బండి మీద కనిపించాడు. మా ఎండల్లో అది వేసుకుంటే లోపల కాళ్ళు ఉడికి పాయా అవుతాయని ఆ ఆలోచన మానుకున్నాను. మానుకోకపోయినా బాగుండేది.

అప్పుడే మా అక్క మొగుడు సాంబయ్య బావ కాగజ్‌నగర్ నుంచి వచ్చాడు. అక్కడ కాగితం మిల్లులో పని ఆయనకు. చంకలో కంబళి కన్నా మందమైన తెల్లటి బట్ట చుట్ట. మిల్లులో వాడి తీసేసిన ఫెల్టు అది. అక్కడ దాన్ని జనం కొనుక్కుని చలికాలం కప్పుకుంటారు, కింద పరుచుకుంటారు.

"ఏం బట్ట బావా ఇది, ఇంత గట్టిగున్నది?"

"గట్టిగుండదా మరి? మిషిన్ల పచ్చి కాయితం దీని మీదనే పోతది బామ్మర్దీ. రాత్రిపగలు తిరిగినా అరగదు. కాయితంల ఉన్న నీళ్ళన్ని ఇదే గుంజుకుంటది."

పాఠకులు ఆ చివరి మాట విన్నారు కదా? నేను వినలేదు. "అరగదు" దగ్గరే నా చెవులు తలుపులు మూసుకున్నాయి.

బాపు మగ్గం ఆపి వచ్చి బట్టను రెండు వేళ్ళ మధ్య నలిపాడు. వెలుతురుకు పట్టి చూశాడు. అంచు వెతికాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనైంది.

"అబ్బ, ఏం నేతరా బిడ్డా! ఎక్కడన్న అతుకున్నదా చూడు. గిసొంటిది నేనెన్నడు నెయ్యలే."

"బండి పాయింటు కుట్టించుకుంట బాపు."

"కుట్టించుకో. నువ్వు సచ్చినా పాయింటు బతుకుతది."

నేత ఇంట్లో పుట్టినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఈ ప్రమాదం జరగదు. వేరేవాళ్ళయితే బట్ట ఎందుకు పనికొస్తుందని అడుగుతారు. మేము నేత చూసి మైమరచిపోయాం.

దర్జీ ఖాజా భాయి దగ్గరికి తీసుకెళ్ళాను. మొదటి కుట్టుకే సూది విరిగింది. ఇంకో సూది పెట్టాడు, అదీ విరిగింది.

"క్యా భాయ్, పాయింటా, గుడారమా?" అన్నాడు.

"మోకాళ్ళ కాడ, కూసునే కాడ రెండు పొరలు పెట్టు భాయ్."

"అట్లయితే మిషిన్ తోని కాదు. గోనెసంచులు కుట్టే దబ్బనం తోని కుట్టాలె. సరే, సీదా నిలబడు, కొలత తీస్త."

ఇక్కడే నా మేధస్సు పూర్తిగా వికసించింది. "నిలబడి ఎందుకు? నేను వేసుకునేది బండి మీద కదా. బండి మీద కూసుంట, గట్లనే కొలత తీయి" అన్నాను.

ఖాజా భాయి నన్ను చూశాడు, బండిని చూశాడు. "వారెవ్వా! ముప్పై ఏండ్ల సంది కుడుతున్న, గీ అకల్ నాకు రాలే" అని అక్కడే వీధిలో, బండి మీద కూర్చున్న నా మోకాళ్ళ వంపుకు తగ్గట్టు కొలతలు తీశాడు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు పెద్దలు. కూర్చుని కొలతలిస్తే ఏమవుతుందో చెప్పకుండా పోయారు.

తెల్లగా ఉంటే మాసిపోతుందని మా ఇంట్లో నూలుకు వేసే నల్లరంగులోనే ముంచి ఆరబెట్టాను. తొడుక్కుని బండెక్కితే స్వర్గం! పరుపు మీద కూర్చుని పోతున్నట్టుంది. దిగితే మాత్రం మోకాళ్ళు కాస్త వంగే ఉండిపోయాయి.

"నడిస్తే జర ఇబ్బంది అయితుంది భాయ్."

"నడిచెటోనికి మోటరెందుకు? మోటరున్నోనికి నడుసుడెందుకు?" అన్నాడు ఖాజా భాయి. కుట్టుకూలి చేతిలో పెట్టి బండెక్కాను.

ఆ శ్రావణంలోనే లక్సెట్టిపేట సంబంధం వచ్చింది. పిల్ల పేరు సుగుణ. అంతకుముందు చుట్టాల పెళ్ళిలో ఆమెను చూశాను. బంతిలో పప్పు వడ్డిస్తూ, మూడోసారి అడిగిన నాతో "పప్పు కోసమే వచ్చినవా?" అంది. అవును, పప్పు కోసమే అన్నాను గానీ అప్పటి నుంచి నాకు తిండి సయించలేదు. ఈ పిల్ల కాకపోతే నాకు పెళ్ళే వద్దని మా అమ్మకు, అదే అవ్వకు, చెప్పేశాను. చిక్కేమిటంటే ఆమెకు ఇంకో సంబంధం కూడా ఉంది, తాలూకా ఆఫీసులో గుమాస్తా. మేం వెళ్ళే రోజుకు మర్నాడే వాళ్ళు వస్తున్నారు. మాట ఇచ్చేది ఆ ఇంటి పెద్ద, సుగుణ నాయినమ్మ. ఆమె బిడ్డను వెనకటికి ఒకడు కుంటికాలు పంచెకట్టులో దాచిపెట్టి పెళ్ళి చేసుకున్నాడట. అప్పటి నుంచి ఏ పిల్లవాడు వచ్చినా ఆమె ముఖం చూడదు, ముందు నడక చూస్తుంది.

బాపూ అవ్వా ముందు బస్సులో వెళ్ళారు. "నువ్వు గూడ బస్సుల రారాదుర" అంది అవ్వ. బండి మీద దిగే పెళ్ళికొడుకు గుమాస్తాను ఓడించి తీరతాడని నా లెక్క. నల్ల ప్యాంటు తొడుక్కుని బయలుదేరాను.

ధర్మపురి దాటగానే వాన పట్టుకుంది. ఆగితే ముహూర్తం మించిపోతుంది. గోదారి వంతెన మీద పైనుంచి వాన, కింద నది, మధ్యలో నేను. ఉన్నట్టుండి బండి బరువెక్కింది. వెనకాల ఎవరో ఎక్కారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. ప్యాంటు తన ఉద్యోగంలో చేరింది! మిల్లులో నేర్చుకున్న విద్య మరిచిపోకుండా, ఆకాశంలోంచి పడే ప్రతి చుక్కనూ నిష్ఠగా తాగుతోంది.

లక్సెట్టిపేటలో వాళ్ళింటి ముందు బండి ఆపాను. దిగాను. అంటే, నడుము దాకా దిగాను. కాళ్ళు ఇంకా బండి మీదే ఉన్నట్టు వంగి, ఎడమై, బిర్రబిగుసుకుపోయాయి. తడిసిన రెండు పొరలూ ముడుచుకుపోయి ఖాజా భాయి తీసిన వంపులోనే బిగిశాయి. అలాగే, బండి లేకుండా బండి నడుపుతూ, వాకిట్లోకి అడుగుపెట్టాను.

అరుగు మీద నాయినమ్మ. ఆమె చూపు సరాసరి నా కాళ్ళ మీద పడింది.

"ఓ పిల్లగా, సక్కగ నడువు."

"నడుస్తున్న నాయినమ్మా."

"గిది నడుసుడా? కప్ప గూడ గింతకన్న మంచిగ నడుస్తది. ఓ నర్సయ్యా! ఇటు రా, మళ్ళ గదే గాచారం వచ్చింది!"

సుగుణ తండ్రి నర్సయ్య మామ గాబరాగా కాళ్ళు కడుక్కోమని చెంబు తెచ్చాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు గానీ, నేను నిలబడ్డచోటే నల్లటి మడుగు కట్టి, సుగుణ వేసిన ముగ్గు సగం కరిగిపోయింది.

"అయ్యో, పోరడు కారుతుండు!" అంది నాయినమ్మ.

లోపల ఇంకో వాన. పెంకుల సందుల్లోంచి ధారలు పడుతుంటే సుగుణ గిన్నెలు సర్దుతోంది. నన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. నా ప్రాణం చివుక్కుమంది. కుర్చీ వేశారు. కూర్చున్నాను. అంతే, ఒక్కసారిగా మహారాజునైపోయాను! ప్యాంటు కూర్చోవడానికే కుట్టింది కదా. కాళ్ళు అమరినట్టు అమరాయి. "చూసిన్రా, ఎట్ల కూసున్నడో" అన్నాడు బాపు గర్వంగా.

నాయినమ్మ కరగలేదు. "కుర్సీల అందరు మంచిగనే కూసుంటరు. లేసి సీదా నిలబడమను."

లేచాను. సీదా మాత్రం రాలేదు.

"మోకాళ్ళు సాగుతలేవు. కాళ్ళు వంకర. నర్సయ్యా, రేపొచ్చే పిల్లగానికి కబురు పంపు."

ఇక సిగ్గుపడి దాచుకుంటే సుగుణ దక్కదు.

"నాయినమ్మా! కాళ్ళు మంచియే, పాయింటుదే తప్పు!" అని అరిచాను.

"అట్లయితే ఇడువు."

గదిలోకి తీసుకెళ్ళి తలుపేశారు. గుండీ పట్టని మందానికి ఖాజా భాయి పెట్టిన నాడా ఉబ్బి ముడి ఊడిరాలేదు. బాపు ఒక కాలు, నర్సయ్య మామ ఇంకో కాలు పట్టుకున్నారు.

"గుంజు బావా!" అన్నాడు బాపు మామతో.

"గుంజుతున్న బావా, పిలగాడు గూడ వస్తుండు!"

"బాపు, మెల్లగ! నేను బతికుండంగనే గుంజుతున్నవు!"

పెళ్ళి కుదరకముందే వియ్యంకులిద్దరూ ఇలా కష్టసుఖాలు పంచుకున్నది ఒక్క మా ఇంటి చరిత్రలోనే. ఆఖరికి ప్యాంటు ఊడి, ముగ్గురం వెల్లకిలా పడ్డాం. మామ లుంగీ చుట్టుకుని, మోకాళ్ళ పైదాకా కాటుక నలుపు కాళ్ళతో అరుగు ముందుకొచ్చి, నాయినమ్మ చెప్పినన్ని గుంజీలు తీశాను. ఆమె లుంగీ అంచు కర్రతో పైకెత్తి మరీ మోకాళ్ళు చూసింది.

"కాళ్ళు సక్కగనే ఉన్నయి" అని ఒప్పుకుంది. "గని తెలివి వంకరున్నట్టున్నది. ఏమే సుగుణా, నువ్వేమంటవ్?"

అందరం లోపలికి చూశాం. వియ్యంకులు పిండి మూలకు పడేసిన ప్యాంటును సుగుణ అప్పటికే ఎత్తుకుపోయి పెద్ద ధార కింద పరిచింది. గిన్నెలన్నీ తీసేసింది. ధార పడుతోంది, చప్పుడు లేదు, చుక్క చిందడం లేదు. ప్యాంటు తాగుతూనే ఉంది.

"పాయింటు నచ్చింది నాయినమ్మా" అంది సుగుణ. "దాని ఎంబడి వచ్చినోన్ని గూడ ఉంచుకుందాం."

గుమాస్తాకు కబురు పోయింది, రావద్దని. కార్తీకంలో పెళ్ళయింది. పుట్టింటి నుంచి సుగుణ తెచ్చుకున్న సామానులో ఆ ప్యాంటు కూడా ఉంది. ఇప్పటికీ మా స్నానాల గది ముందు పరిచి ఉంటుంది. బాపు మాట నిజమే, దానికి చావు లేదు. రోజూ దాని మీదే కాళ్ళు తుడుచుకుంటాను. తుడుచుకున్నప్పుడల్లా మా ఆవిడ, "నేను చేసుకున్నది దాన్ని, నిన్ను కాదు" అని గుర్తు చేస్తుంది. చెప్పొద్దూ, ఆ మాట వినకపోతే నాకు తెల్లవారినట్టుండదు.

కనుక కొండగట్టు అంజన్న సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. సముద్రం దాటిన ఆ స్వామికి లంగోటి సరిపోయింది. గోదారి దాటడానికి నేను మిల్లు సరంజామా తొడుక్కోవడం తప్పే. ఇకమీదట ఏ ప్యాంటు కుట్టించినా నిలబడే కొలతలిస్తాను. తొడుక్కునే ముందు దాని మీద బిందెడు నీళ్ళు పోసి చూడమని మా ఆవిడకు ఇస్తాను. పోయడానికి ఆవిడ ఎప్పుడూ సిద్ధమే. నేను అందులో ఉన్నప్పుడు పోస్తానంటోంది, అదొక్కటే తకరారు.