అత్తమ్మ ప్రార్థన నా చెవిన పడిన శుక్రవారం

సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులందరికీ ప్రభువు నామంలో వందనాలు. నా పేరు సునీత. పుట్టింది ఐరాల పక్క పల్లెలో, పెళ్ళయి తిరుపతికి వచ్చాను. మైకు ముందు మాట్లాడటం నాకు చేతకాదు, తప్పులుంటే సర్దుకోండి, కానీ దేవుడు చేసిన మేలు దాచుకుని కూర్చుంటే కృతఘ్నురాలినవుతాను.

పదకొండేళ్ళు నేను ఒక ప్రైవేటు ఆసుపత్రి లాండ్రీలో పనిచేశాను. రోగుల దుప్పట్లు, ఆపరేషన్ గుడ్డలు ఉతికే చోటు, రోజంతా వేడి ఆవిరి, బ్లీచింగ్ ఘాటు. ఆరేడేళ్ళు బాగానే గడిచింది, ఆ తరువాత రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి సహోదరులారా! మెట్లెక్కితే ఆయాసం, పాట పాడితే ఆయాసం, ఆఖరికి నా కూతురికి జడ వేస్తూ మధ్యలో ఆగి గోడకు ఆనుకునేదాన్ని. ఆ ఘాటులో ఉన్నన్నాళ్ళూ మందులు పూర్తిగా పనిచేయవని డాక్టరుగారు తేల్చి చెప్పేశారు.

మానేయొచ్చు కదా అంటారు మీరు. ఎలా మానేస్తాను? నెల తిరిగేసరికి జీతం, పీఎఫ్, ఈఎస్ఐ. మా ఆయనది ఆటో, ఒకరోజు బేరం ఉంటే ఒకరోజు ఉండదు. నాకు కుట్టుపని వచ్చు, సెలవు రోజుల్లో బ్లౌజులు కుట్టేదాన్ని, కానీ దాన్నే నమ్ముకుని ఇల్లు నడపగలనా? పైగా ఆ ఉద్యోగం మా అత్తమ్మ ఇప్పించింది. మా అత్తమ్మ సువార్తమ్మ అదే లాండ్రీలో ఇరవై ఏళ్ళు చేసి, దిగిపోయేటప్పుడు కాళ్ళావేళ్ళా పడి తన చోట నన్ను పెట్టించింది. ఆమెకేమో ఏమీ కాలేదు, గట్టి పిండం! అలాంటి మనిషి ఎదుట నిలబడి నాకీ పని వద్దనడం నా వల్ల కాదనుకున్నాను.

అందుకని ఏం చేశానో తెలుసా, దేవునికే షరతు పెట్టాను. "ప్రభువా, మా అత్తమ్మ తనంతట తానే మానేయమంటే అది నీ మాటేనని నమ్ముతాను, అంతవరకూ కదలను" అని ప్రార్థించాను. గుర్తు అడగడం మనవాళ్ళకు అలవాటే కదా! ఏడాది గడిచింది. అత్తమ్మ నోరు మెదపలేదు, పొద్దున్నే క్యారేజీ కట్టి చేతికిచ్చి పంపేది, అంతే. ఈమెకు మనసే లేదని లోలోపల ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఉన్నాం. మన సంగతి తెలుసు కదా, అందరూ నోరు తెరిచి ప్రార్థించండని పాస్టరుగారు అన్నారంటే ఎవరి కేకలు వారివి, పక్కవాళ్ళది ఎవరూ వినరు. నేనూ గొంతెత్తాను, నాలుగు మాటలైనా కాలేదు, ఊపిరి అందక ఆగిపోయాను. నోరు మూసుకుని మోకాళ్ళ మీదే ఉంటే పక్కన అత్తమ్మ గొంతు వినబడింది. ఏడుస్తోంది!

"యేసు నాయనా, నేను ఇప్పిచ్చిన ఉద్యోగమే ఆ బిడ్డని తినేస్తా ఉండాది. ఆ ఆయాసం ఇనలేకుండా ఉండాను నాయనా. నా కొడుకుని అంగిడి పని మానిపిచ్చి ఆటో కొనిపిచ్చినాను, వాడు ఈ పొద్దుకీ దెప్పతా ఉండాడు. ఇంకెవురి పని జోలికీ పోనని నీకు మాటిచ్చినాను. అది నోరు తెరిసి ఒక్క మాట అడిగితే సాలు, అదే నీ గుర్తనుకొని ఆ పొద్దే మానిపిస్తాను. ఏడాదిగా సూస్తా ఉండాను, అది అడగదే!"

నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను సహోదరులారా! ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఆమె నోటి మాట కోసం నేను, నా నోటి మాట కోసం ఆమె, ఏడాది పొడుగునా కాచుకుని, దేవుడు మాట్లాడటం లేదని ఇద్దరం బాధపడ్డాం. ఆమె చెయ్యి పట్టుకుని, "అత్తమ్మా, నేను మానేస్తాను" అన్నాను. ఆమె కళ్ళు తెరిచి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఏమ్మే, ఇన్నాళ్ళూ నోట్లో నాలిక లేదా నీకు?" అని వీపు మీద ఒకటి చరిచింది!

బడులు తెరిచి పిల్ల ఫీజు కట్టాక మానేస్తానని నేను నసిగాను. ఆమె వినలేదు. మరుసటి రోజే నాతో ఆసుపత్రికి వచ్చి, సూపర్‌వైజరు ముందు నిలబడి, "నేనే తెచ్చి పెట్టినాను సార్, నేనే తీసకపోతా ఉండాను" అంది. నోటీసు ఇచ్చిన ఆ నెలంతా నన్ను ఘాటు లేని గదిలో గుడ్డలు మడతపెట్టే పనిలో వేయించింది కూడా ఆమే. ఆ తరువాత అరవై రెండేళ్ళ మనిషి, ఎండనక వాననక నా బ్లౌజులు సంచిలో వేసుకుని వీధి వీధీ తిరిగింది. "మా కోడలు కుట్టినాది, సంకలో పట్టేసిందంటే డబ్బులీయద్దండి" అని చెప్పి పని తెచ్చింది. అలాంటి అత్తను ఇచ్చిన దేవునికి ఎన్ని స్తుతులు చెల్లిస్తే తీరుతుంది!

రెండేళ్ళయింది. కొన్ని నెలలు జీతమంత రాదు, అబద్ధం చెప్పను. డాక్టరుగారి దగ్గరికి ఇప్పటికీ వెళ్తున్నాను, మందులు సగానికి తగ్గించారు. పోయిన ఆదివారం ఆరాధనలో మొదటి పాట చివరిదాకా ఆగకుండా పాడాను. దేవునికే మహిమ!

ఉన్న పని మానేయమని నేనెవరికీ చెప్పడం లేదు. ఎటూ తేల్చుకోలేక ఈ మందిరంలో కూర్చున్నవాళ్ళు ఉంటే, ఆయనను నమ్మండి, ఆయన తప్పక వింటాడు. అయితే ఈ పూట ఇంటికెళ్ళి, ఇంట్లోవాళ్ళతో కూడా ఒక్కసారి నోరు విప్పండి. మా అత్తమ్మ అదిగో, మూడో వరుసలో తల వంచుకుని కూర్చుంది, పొగిడితే ఆమెకు గిట్టదు. అత్తమ్మా, నిన్ను అపార్థం చేసుకున్నందుకు దేవుణ్ణి ఎప్పుడో క్షమాపణ అడిగాను, నిన్ను మాత్రం ఇంతవరకూ అడగలేదు. నన్ను క్షమించు.