కంటి మూతకు పడ్డ ముడి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నన్నూ ఎవరూ నమ్మరు. మా కోరుట్లలో నేను పది అంటే ఒకటని లెక్కేసుకుంటారు. ఇందులోనూ పెంచి చెప్పాను, ఒకచోట పూర్తిగా కల్పించాను. అదేదో చివర ఒప్పుకుంటాను.

మల్యాలలో అత్తగారి వడ్లు తూర్పారబడుతుంటే కుడి కంట్లో కొబ్బరికాయంత పొట్టు పడింది. ఊళ్లోవాళ్లు ఆకు పసరు పిండుతామంటే కన్ను తెరిచి పిండించుకున్నాను. వారం తిరిగేసరికి నల్లగుడ్డు సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. చివరికి పట్నంలో, చనిపోయినవారెవరో ఇచ్చిన కంటిపొర తెచ్చి కుట్టారు. ఎవరిదని అడిగితే చెప్పకూడదన్నారు.

కుట్లు పదహారు. కన్ను నలిపితే అవి జారతాయి, పొర పోతుంది, ఆ కంటికి మళ్లీ చీకటే. గంట గంటకూ చుక్కలు. తలమీద నీళ్లు పోసుకోవద్దు, దుమ్ములోకి పోవద్దు, పడుకుంటే కంటిమీద ప్లాస్టిక్ మూత ఉండాలి. వెయ్యేళ్లుగా మంచం మీదున్నట్టు విసిగిపోయాను. బీడీలు ఆపి, చేతులు సబ్బుతో కడుక్కుని, చుక్కలు వేసి, మళ్లీ బీడీలు చుట్టే నా భార్య లక్ష్మి నాకంటే అలసిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆమె బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు బయల్దేరింది.

"మూత తియ్యకు. కన్ను నలిపినవంటే ఇగ నీ సుక్కలు నువ్వే ఏస్కో."

"నలుప, పోవే."

లోపల గడియ పెట్టుకుని పడుకున్నాను. చెమటకు ప్లాస్టర్ ఊడింది, ఒకటే దురద. కాసేపేలే అని మూత తీసి కిటికీలో పెట్టి, అలాగే నిద్రపోయాను. నిద్రలో చేయి కంటిమీదకు పోయింది. గరుకు వేళ్లేవో నా మణికట్టు పట్టుకుని కిందికి దించాయి.

లక్ష్మి తలుపు కొడితే లేచాను. గడియ పెట్టినట్టే ఉంది. మూత మాత్రం కంటిమీద ఉంది. దాని అంచు చిల్లుల్లోంచి ఎవరో, లక్ష్మి బీడీలకు చుట్టే దారం పోనిచ్చి, తల చుట్టూ తిప్పి, నువ్వుగింజంత ముడి వేసి ఉంది.

భయమేసి అప్పుడే బస్సెక్కి జగిత్యాల డాక్టరు దగ్గరికి పోయాం. కుట్లన్నీ బాగున్నాయన్నాడు. కన్ను ఎర్రబడినా, నొప్పి లేచినా, చూపు మసకేసినా ఇలాగే ఆగకుండా రమ్మన్నాడు.

మర్నాడు సిరిసిల్ల నుంచి అక్క చూడవచ్చింది. మా బావ అక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. అక్క ఆ ముడిని గోటితో తడిమింది.

"తమ్మీ, పోగు తెగితే సాంచల కాడ ఏసే ముడిరా గిది. మీ బావ దినాం గిట్లనే ఏస్తడు. మీ ఇంట్ల ఎవ్వలకస్తదిరా?"

"గీయినకు లుంగి ముడే నిల్వది వదినా," అంది లక్ష్మి. "నాకు బీడీకి దారం సుట్టుడే ఎరుక."

ఇద్దరూ నావైపు చూశారు. నేను అబద్ధమాడుతున్నానేమోనని కాదు. మొదటిసారి ఆ అనుమానం వాళ్ల ముఖాల్లో లేదు.

ఇక కల్పించింది చెప్తాను. మణికట్టు పట్టుకున్న వేళ్లు. అవి లేవు. నాకు ఏమీ తెలియలేదు, ఒళ్లెరగని నిద్ర. అంత మేలు జరుగుతుంటే గుర్రు పెట్టి పడుకున్నానని చెప్పుకోవడానికి సిగ్గేసి చేర్చాను.

గడియ, మూత, ముడి కల్పించలేదు. ఆ ముడి ఎవరు వేశారో, ఈ కంటిపొర ఎవరిదో ఇవాళ్టికీ చెప్పలేను. ఆ దారం చుక్కల మందు డబ్బాలో ఉంది. ముడి విప్పడానికి లక్ష్మి ఒప్పుకోదు.