ముందు చెప్పు, తర్వాత కలుపు

నిన్న మధ్యాహ్నం భోజనం దగ్గర నా తెల్ల లాల్చీ మీద గరిటెడు పప్పు ఒలికింది. గరిటెడు అన్నానా? నిజానికి రెండు మూడు చుక్కలు. కోడలు సుజాత సబ్బు రుద్దగానే ఆ పసుపు మరక ఎర్రబారింది. తడి సబ్బూ పసుపూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నా చెవిలో గాజుకడ్డీ బల్ల మీద టక్కున మోగింది.

"ఇది ఇగ పోదు బిడ్డా, లాల్చీ ఖరాబైంది" అన్నాను.

"ఎండకేస్తే పోతది మామా. సూడు నువ్వే."

"ఏమొస్తదో ముందే చెప్తున్నవ్. మా చంద్రకళ మేడం ఉంటే నిన్ను ముందు బెంచిల కూసోబెడుతుండె."

"ఆమె ఎవరు?" అంది సుజాత. మీకూ తెలియదు కాబట్టి చెబుతాను.

చంద్రకళ మేడం నిజామాబాదులో మా కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పేవారు. రోజూ బోధన్ నుంచి బస్సులో వచ్చేవారు. ఆరడుగుల మనిషి, చూపుతోనే బీకరులో నీళ్లు మరిగించేవారు. కాదులెండి, నా భుజం దాకా ఉండేవారు, కళ్లజోడు జారకుండా వెనక దారం కట్టుకునేవారు. మిగతావాళ్లు బెత్తం పట్టుకున్నట్టు ఆమె గాజుకడ్డీ పట్టుకునేవారు. మమ్మల్ని ఊళ్ల పేర్లతో పిలిచేవారు. నేను వేల్పూర్. నా పక్కవాడు నవీపేట్. ఆమె దగ్గర ఒక్కటే చట్టం: పరీక్షనాళికలో రెండో ద్రావణం పోయకముందే ఏమొస్తుందో పైకి చెప్పాలి. చెప్పింది తప్పయినా ఏమీ అనేవారు కాదు. పోశాక మాత్రం కళ్లకు కనబడింది కాక ఇంకొకటి చెబితే గాజుకడ్డీ బల్ల మీద మోగేది. "నువ్వు చెప్పింది కాదు, వచ్చింది రాయి!" ఆ కడ్డీ ఎక్కువగా నా బల్ల మీదే ఎందుకు మోగేదో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

చర్యల రకాలు ఆమె చెబితే పుస్తకం తెరిచే పని ఉండేది కాదు. మైలుతుత్తం నీళ్లలో ఇనప మేకు వేస్తే మేకు మీద ఎర్రగా రాగి పేరుకుంది. "బోధన్ బస్సుల గట్టి మనిషెక్కితే కిటికీ కాడ కూసున్న బక్కోడు లేస్తడా లేదా? ఇనుము గట్టిది. రాగిని లేపింది. గిదే స్థానభ్రంశం." ద్వంద్వ వియోగానికి కుండమార్పిడి పెళ్లి చెప్పారు. ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి, ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి.

"మరి పెండ్లి కుదరకుంటే మేడం?" అన్నాడు నవీపేట్.

"నలుగురూ పందిట్ల ఊరికే తిరుగుతుంటరు. ఒకరన్న అడుగున కూసోవాలె, లేకుంటే గాలై లేచిపోవాలె, లేకుంటే నీళ్లు కావాలె. ఏదీ కాకుంటే 'ఏం రాదు' అని రాయి. అదిగూడ జవాబే. గది రాసెటందుకు దమ్ముండాలె."

ఒకరోజు బోధన్ చక్కెర మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోయబోతూ "ఏమొస్తది?" అన్నారు. "తియ్యటి యాసిడ్ మేడం" అన్నాడు నవీపేట్. నేను పాకం అన్నాను. తెల్ల చక్కెర పచ్చబడి, నల్లబడి, బుస్సున పొగలు కక్కుతూ బొగ్గు స్తంభమై లేచింది. ఫ్యాను దాకా లేచింది. ఆ గదిలో ఫ్యాను లేదనుకోండి. బీకరు అంచు దాటి జానెడు లేచిందని ఆనాడూ అన్నాను. చక్కెరలోంచి ఆమ్లం నీళ్లు గుంజుకుపోతే మిగిలేది బొగ్గేనట. "జానెడు కాదు, బెత్తెడు" అంటూ కడ్డీ మోగించారు మేడం.

మాది పసుపు పండించే ఇల్లు. ప్రాక్టికల్ పరీక్షలు సరిగ్గా పసుపు కొమ్ములు పెద్ద కడాయిలో ఉడకబెట్టే కాలంలోనే వచ్చేవి. ఆ ఏడు బాపు తేల్చి చెప్పేశాడు: "గీసారి తప్పినవంటే చదువు బంద్. కడాయి కాడ నిలబడుడే." నాకు కడాయి అంటే భయం. పరీక్ష రోజు పొద్దున కూడా కొమ్ములు ఎండబోసి, అరచేతులు పచ్చగా మెరుస్తుండగానే బస్సెక్కాను. లాబులో సోడా ద్రావణం సీసా చేయి జారి ఒలికింది. రెండు అరచేతులూ ఎర్రగా అయిపోయాయి.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు సారు హడలిపోయారు. "అయ్యో, చేతులు కాలిపోయాయి! బాబూ, నువ్వు ఆస్పత్రికి వెళ్లు. మార్కుల సంగతి నేను చూసుకుంటాను."

నేను మూర్ఛపోయాను. అంటే, ఒక శుభ్రమైన బెంచీ చూసుకుని దాని మీద మెల్లగా పడుకున్నాను. కడాయి గండం తప్పింది. మార్కులు వచ్చేస్తున్నాయి. అప్పుడు తలాపున కడ్డీ మోగింది.

"ఏమొచ్చింది, వేల్పూర్?"

"మంట మేడం... ఎముక దాకా..."

"వచ్చింది చెప్పు."

ఒక కన్ను తెరిచాను. ఆమె నా చేతుల వంక చూడటం లేదు, నా నోటి వంక చూస్తున్నారు. నిజం చెబితే బెంచీ పోతుంది, మార్కులు పోతాయి.

"పసుపు మేడం" అన్నాను. "సోడా తగిలి ఎర్రగైంది. మంట లేదు."

"పలచటి ఎసిటిక్ ఆమ్లం పోస్తే?"

"మళ్ల పచ్చగైతది."

పోశారు. పచ్చబడింది. సారు ముఖం మాత్రం ఇందాకటి నా చేతుల కంటే ఎర్రబడింది. "అయితే లేచి పరీక్ష చెయ్యి" అని ఉప్పు నీళ్లూ పొటాషియం నైట్రేటు ద్రావణమూ నా ముందు పెట్టారు. "ఏమొస్తుంది?"

పెరుగు లాంటి తెల్లటి అవక్షేపం అనాలని నాలుక దురద పెట్టింది. కుండమార్పిడి తలచుకున్నాను. ఎవరూ అడుగున కూర్చోరు, ఎవరూ గాలై లేచిపోరు.

"ఏం రాదు సార్."

కలిపాను. ఏమీ రాలేదు. అంత అందమైన ఏమీలేనితనం నేను మళ్లీ చూడలేదు. నాకు జిల్లా ఫస్టు వచ్చింది. లేదు, గట్టెక్కేంత వచ్చాయి. కడాయి తప్పింది.

"మరి మేడం మెచ్చుకున్నదా మామా?" అంది సుజాత.

"కండ్ల నీళ్లు పెట్టుకున్నది బిడ్డా" అన్నాను. మళ్లీ నేనే, "లేదు. చేతులు కడుక్కొని రమ్మన్నది" అన్నాను.

సాయంత్రం దండెం మీది లాల్చీ తెచ్చి నా ముందు పరిచింది. మరక జాడ లేదు. 'నేనప్పుడే అనుకున్న' అనడానికి నోరు తెరిచాను. చెవిలో గాజుకడ్డీ టక్కుమంది.

"పోయింది బిడ్డా" అన్నాను. "పోదన్న. పోయింది."